మలుపు మీది ఇళ్లు

కట్టంగూర్
12 జూన్ 1964

తమ్ముడు రఘుపతికి,

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. నాలుగు పేజీలు రాశావు. అందులో మూడున్నర పేజీలు మట్టి గురించే. ఎంత లోతుకు పోతే ఏ రంగు మట్టి వస్తుందో నాకెందుకు చెప్పు? జ్వరం తగ్గిందా, వేళకు తింటున్నావా, చలికాలంలో కొనుక్కోమన్న కోటు కొన్నావా అని అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. అడిగిందే మళ్లీ అడగడం నాకు చేతకాదు. పాత ఉత్తరం తీసి చదువుకో.

నీ పనేమిటో ఊళ్లో చెప్పలేక చస్తున్నాను. హోటలుకు వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు. జర్మనీలో బావులు తవ్వుతున్నాడట కదా అని ఒకడు, బొగ్గు గనిలో పడ్డాడట కదా అని ఇంకొకడు. భూమి కింద రైలు అని నేను చెబితే లారీ డ్రైవర్ జానయ్య చాయ గ్లాసు పక్కన పెట్టి, "కిందెందుకక్కా? పైన జాగా లేదా ఆళ్లకు?" అన్నాడు. నాకూ అదే అనుమానం. వివరంగా రాయి.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం పొద్దున నలుగురు మనుషులు గొలుసు, ఎర్ర జెండాలు పట్టుకొని వచ్చారు. మన హోటలు ముందు రోడ్డు వాగు వైపుకు వంకర తిరుగుతుంది కదా, అక్కడ అటూ ఇటూ కొలిచారు. ఒక రాయిని మన పొయ్యికి మూడడుగుల దూరంలో పాతి సున్నం పూశారు. ఇంకొక రాయి వెనక బర్రెల కొట్టంలో పాతారు. ఆ రెండింటి మధ్య ఏముందో నీకు తెలుసు. హోటలుంది, నేనున్నాను. ఎందుకిదంతా అని అడిగితే, వాళ్లలో పెద్దాయన చాయ తాగి, మూతి తుడుచుకొని, సర్వే అన్నాడు. అంతే.

మీ బావ పోయినప్పటి నుంచి, పదకొండేళ్లుగా ఆ పొయ్యి ఆరలేదు. ఇంజినీరువి నువ్వు. రాళ్లంటే ఏమిటో నువ్వే చెప్పాలి. మట్టి గురించి మాత్రం రాయకు.

అక్క
ప్రమీల

&nbsp;

జర్మనీ
3 జులై 1964

అక్కకు నమస్కారం.

జ్వరం తగ్గింది. తింటున్నాను. కోటు కొన్నాను, బూడిదరంగుది, మోకాళ్ల దాకా వస్తుంది. అన్నిటికీ జవాబు చెప్పినట్టేనా?

జానయ్యకు ఇలా చెప్పు. ఈ నగరం నడిబొడ్డున ట్రాములు నడుస్తాయి. చిన్న రైలు లాంటివే. కాని రోడ్డు మధ్య పట్టాల మీద, కార్లతో సైకిళ్లతో కలిసి పోతాయి. సాయంత్రమైతే బండి వెనక బండి ఆగిపోతుంది. దిగి నడిచినవాడే ముందు ఇల్లు చేరతాడు. అందుకని నగరం మధ్య ఆ పట్టాలను నేల కిందికి దింపుతున్నారు. వీధిని నిలువునా కోసి, రెండు పక్కలా ఉక్కు దూలాలు నేలలోకి దిగగొట్టి, మధ్యన మట్టి తీసి, పైన చెక్కలు పరుస్తారు. చెక్కల మీద జనం నడుస్తుంటారు, కింద పని జరుగుతుంటుంది. మూడేళ్లుగా ఇదే.

ఇప్పుడు నన్ను కిందికి పంపడం లేదు. ఫిర్యాదుల బల్ల ముందు కూర్చోబెట్టారు. అక్కడ కూర్చోవడం ఇక్కడివాళ్లెవరికీ ఇష్టం లేదు. నాకు భాష సగమే వస్తుంది కాబట్టి తిట్లు కూడా సగమే తగులుతాయని మా పెద్ద ఇంజినీరు నవ్వాడు. కిటికీలు తెరవలేకపోతున్నామని, దుమ్ముతో గిరాకీ పోయిందని, పిల్లి కనిపించడం లేదని వస్తారు. అందరికంటే మొండివాడు కెస్లర్ అనే ముసలాయన. డెబ్బై నాలుగేళ్లు. వీధి మూల మీద ఆయన ఇల్లు. కింద గడియారాలు బాగుచేసే దుకాణం, పైన కాపురం. భార్య లేదు. మా లైను అక్కడ మలుపు తిరిగి ఆయన ఇంటి మూల కిందుగా పోతుంది. రోజూ ఎనిమిది కొట్టేసరికి వచ్చి, నా గడియారాలు ఆగిపోతున్నాయి అంటాడు. దూలాలు కొడితే నేల అదురుతుంది, మళ్లీ తిప్పుకోండి అంటాను. మర్నాడు మళ్లీ వస్తాడు. టోపీ తీసి బల్ల మీద పెడతాడు, మళ్లీ అదే మాట. నా ఓపిక అయిపోతోంది అక్కా.

నీ రాళ్ల గురించి భయపడకు. ఒక లైను వేసేముందు పది చోట్ల కొలుస్తారు, తొమ్మిది వదిలేస్తారు. హైదరాబాదు చిరునామా నుంచి తిరిగి తిరిగి రోడ్ల ఆఫీసు కాగితం ఒకటి నాకూ వచ్చింది. సర్వే నెంబరు 118లో కొంత జాగా కావాలట. పట్టా నా పేరు మీద ఉంది కదా. వాగు పక్కన ఆ రాళ్ల చెలకలో ఎలాగూ ఏమీ పండదు, పోతే పోనీ అని సంతకం చేసి పంపేశాను. కాబట్టి రోడ్డు అటువైపు పోతుంది. నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు
రఘుపతి

&nbsp;

కట్టంగూర్
27 జులై 1964

రఘుపతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, చూసుకోలేదు.

రాళ్ల చెలక మనది కాదు. బాపు ఉన్నప్పుడే పంపకంలో దశరథం చిన్నాయన పాలికి పోయింది. 118లో మనకు మిగిలింది ఈ హోటలు జాగా ఒక్కటే. పంపకం రోజున నువ్వు ఇంట్లోనే ఉన్నావు. గోడకు ఆనుకొని పరీక్షకు చదువుతున్నావు. బాపు ప్రతి మాటా నిన్ను అడిగే చెప్పాడు, నువ్వు పుస్తకంలో నుంచి తల ఎత్తకుండా ఊ కొట్టావు. ఆ ఊ ఇప్పుడు నా నెత్తిన పడింది.

నాకు చదువు నాలుగో తరగతి దాకే. అయినా ఏ కాగితం మీదైనా వేలు పెట్టేముందు ఏ జాగా అని అడుగుతాను. ఒక్క చక్కెర బస్తా దించుకునేటప్పుడు కూడా బస్తా విప్పి చూస్తాను. ఇంత చదువు చదివి, ఒక ఉత్తరం ముక్క రాసి అక్కను అడగాలని నీకు తోచలేదు.

పట్వారి దగ్గరికి పోయి అడిగాను. సంతకం పెట్టిన కాగితం నల్లగొండకు చేరిందట. ఏం చేస్తావో చెప్పు.

ప్రమీల

&nbsp;

జర్మనీ
18 ఆగస్టు 1964

అక్కకు,

తప్పు నాదే. ముందుగా అది ఒప్పుకుంటున్నాను. కాని కాగితంలో ఉన్నది ఒక్క నెంబరు. పటం లేదు, హోటలు అన్న మాట లేదు. నేను ఇక్కడ రోజుకు పన్నెండు గంటలు పనిచేసి గదికి వచ్చాక దాన్ని చూశాను. నువ్వు రాసిన తీరు చూస్తే, కావాలని నిన్ను రోడ్డున పడేశాననే అనిపిస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకు. రోడ్డు అందరిదీ. లైను ఒకసారి గీశాక ఒక్క ఇంటి కోసం దాన్ని వంచితే ఆ వంపు అరవై ఏళ్లు ఉంటుంది, దాని మీద పోయే ప్రతివాడూ దాని ఫలితం అనుభవిస్తాడు. ఇక్కడా అంతే. ఆ కెస్లర్ నిన్న బల్ల మీద చెయ్యి కొట్టి, వీధి మొత్తం ఒకటి, నా ఇల్లు ఒకటి అన్నాడు. ఎవరో ఒకరు జరగకపోతే ఊళ్లకు దారులు రావు అని నేనూ కొంచెం గట్టిగానే చెప్పాను. ఆయన టోపీ పెట్టుకొని వెళ్లిపోయాడు.

నీకు వేరే జాగా చూపిస్తారు. హోటలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ మూడు ముక్కలూ ప్రశాంతంగా ఆలోచించు.

రఘుపతి

&nbsp;

కట్టంగూర్
14 సెప్టెంబరు 1964

మహారాజశ్రీ ఇంజినీరు రఘుపతి గారికి,

కట్టంగూర్ హోటలు ప్రమీలమ్మ నమస్కరించి వ్రాయునది. తమరు క్షేమమని తలుస్తాను.

తమరు రోడ్డు అందరిదీ అని తెలియజేశారు. తెలిసింది. ఈ మలుపులో పోయిన ఏడాది రెండు లారీలు వాగులో పడ్డాయి. రెండో దాంట్లో క్లీనరు కాలు ఇరుక్కుంటే నేనూ, పిండి రుబ్బే భద్రమ్మా నడుము లోతు నీళ్లలో దిగి బయటికి లాగాం. నల్లగొండ దవాఖానకు పోయేలోపే నా ఒళ్లో పోయాడు. ఇరవై ఏళ్లు ఉండవు. మలుపు తీసెయ్యాలని ఓవర్సీరుకు మొదట చెప్పింది నేనే. రోడ్డు ఎందుకు కావాలో జర్మనీ నుంచి తమరు చెప్పాలా?

నేను అడిగింది రోడ్డు వద్దని కాదు. నా పొయ్యి తీస్తుంటే నన్నొక మాట అడగాలని. మొన్న ఓవర్సీరును నిలబెట్టి అదే అడిగాను. అతను పాపం నవ్వుతూనే, "నిన్నేమడుగుతమమ్మా? జాగా నీది కాదు గదా. నీ తమ్ముడు ఒప్పుకుండు, ఆయనే పెద్ద ఇంజినీరు" అన్నాడు. పదకొండేళ్లు కట్టెలు కొట్టింది నేను, కప్పు వేయించింది నేను. జాగా నాది కాదన్న సంగతి ఆ రోజే తెలిసింది నాకు.

దసరా దాటగానే పని మొదలట. దానికి తమరు చేసేదేమీ లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ ముసలాయన రోజూ నీ దగ్గరికి వస్తున్నాడు కదా, నువ్వు ఒక్కరోజైనా ఆయన ఇంటికి పోయి చూశావా?

ఇట్లు
ప్రమీలమ్మ

&nbsp;

జర్మనీ
12 అక్టోబరు 1964

అక్కా,

నన్ను గారు అని రాయకు. ఇంకెన్ని తిట్లైనా తిట్టు.

పోలేదు. మూడు నెలలు ఆయన చెప్పింది రాసుకున్నాను గాని, రెండు వందల గజాల దూరంలో ఉన్న ఆ ఇంటికి ఒక్కసారీ పోలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే పోయాను.

దుకాణం నిండా గడియారాలు. తల పైన, కాళ్ల దగ్గర, మెట్ల మీద కూడా. ఆయన నన్ను వీధి వైపు గోడ దగ్గరికి తీసుకుపోయాడు. లోలకం ఊగే గోడ గడియారాలు అక్కడే ఉన్నాయి. అన్నీ ఆగి ఉన్నాయి. ఎదుటి గోడవన్నీ నడుస్తున్నాయి. దూలాలు కొట్టడం ఆపి మూడు వారాలైంది అక్కా. అదురు లేదు. అప్పుడు వెలిగింది నాకు. అలాంటి గడియారం నిటారుగా ఉంటేనే నడుస్తుంది. కొంచెం పక్కకు ఒరిగితే కుంటుతుంది, ఇంకొంచెం ఒరిగితే ఆగుతుంది. ఆయన ఒక్కో గడియారం కింద కాగితం మడతలు పెట్టి సరిచేస్తూ వచ్చాడు. వారం వారం మడత లావు అవుతోంది. ప్రతి మడత మీదా తేదీ వేశాడు. దూలాల గురించి కాదు ఆయన చెప్పింది, గోడ ఒరుగుతోందని. నాకు వచ్చిన సగం భాషలో ఆ మాట పట్టలేదు.

మర్నాడు పై అంతస్తు నుంచి దారానికి కట్టిన మేస్త్రీల గుండు వదిలి చూశాను. గోడ రెండు వేళ్ల మందం బయటికి వాలింది. మా పెద్ద ఇంజినీరు, అనుకున్న లెక్కలోపే ఉంది, రాతలో పెట్టకు అన్నాడు. నేను పని పుస్తకంలో రాశాను. తనిఖీ అధికారి చదివి ఆ మూల కింద తవ్వకం ఆపించాడు. నన్ను బల్ల దగ్గర నుంచి తీసి పటాలు భద్రపరిచే గదిలో వేశారు. పరవాలేదు.

నీ సంగతి కూడా చక్కబెట్టాను. నా సమ్మతి వెనక్కి తీసుకుంటున్నానని నల్లగొండ ఆఫీసుకు ఇంగ్లీషులో గట్టి ఉత్తరం రాసి నేరుగా పంపాను. ఇక నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. హోటలు కదలదు.

నీ తమ్ముడు
రఘు

&nbsp;

కట్టంగూర్
9 నవంబరు 1964

రఘూ,

నవ్వాలో ఏడవాలో తెలియక ఇది రాస్తున్నాను.

దసరా వెళ్లిన మూడో రోజున నేనూ భద్రమ్మా నిచ్చెన వేసుకొని హోటలు కప్పు మేమే విప్పాం. పలుగులతో కూలగొడితే ఒక్క పెంకు మిగలదు. రెండు వేల మూడు వందల పెంకులు, ఒకటొకటిగా దించి, తుడిచి, చింతచెట్టు కింద వరసలు పేర్చాం. వాసాలు లెక్కపెట్టి కట్టాం. ఆ రాత్రి నడుము మంచానికి ఆనలేదు. అన్నీ అయిపోయిన నాలుగో రోజున నీ ఉత్తరం వచ్చింది, హోటలు కదలదని.

బస్సెక్కి నల్లగొండ పోయాను. అక్కడి గుమస్తా నీ గట్టి ఉత్తరం చూపించాడు. సమ్మతి వెనక్కి పోయింది కాబట్టి ఫైలు హైదరాబాదుకు వెనక్కి పోయిందట. అది తిరిగి వచ్చేదాకా రోడ్డు పని లేదు. ఎప్పుడొస్తుందంటే, "ఎట్ల చెప్తమమ్మా, వచ్చినప్పుడే వచ్చినట్టు" అన్నాడు.

ఇప్పుడు నాకు రోడ్డూ లేదు, కప్పూ లేదు. మొన్న అకాల వాన మూడు రోజులు పట్టింది. గోడలు నాని పొయ్యి వైపు గోడ సగం కూర్చుండిపోయింది. డ్రైవర్లు మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, తల బయటపెట్టి చూసి పోతున్నారు. అత్తవారింట ఆలేరులో ఉన్న నా బిడ్డ యాదలక్ష్మి వచ్చి, తనతో వచ్చెయ్యమని ఒకటే పోరు. అల్లుడింట్లో కూర్చొని తినే రోజు ఇంకా రాలేదని పంపేశాను.

సంతకం పెట్టేటప్పుడు అడగలేదు, వెనక్కి తీసుకునేటప్పుడూ అడగలేదు. నువ్వు మంచి చేసినా నాకు భయంగానే ఉంది. ఇక నా గురించి ఏ ఆఫీసుకూ ఒక్క అక్షరం రాయకు. ఇది ఒట్టు.

ప్రమీల

&nbsp;

జర్మనీ
1 డిసెంబరు 1964

అక్కకు,

ఏం రాయాలో తెలియడం లేదు. ఎవరికైనా సాయం చేయాలంటే ఇప్పుడు నాకు భయంగా ఉంది. ఇక్కడ కూడా అదే జరిగింది.

కెస్లర్ ఇల్లు ప్రమాదంలో ఉందని రాశాను కదా. నగరం వాళ్లు వచ్చి, ప్రమాదమైతే మనిషి ఉండకూడదని ఆయనను ఆరు గంటల్లో ఖాళీ చేయించారు. ఇద్దరు పోలీసులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. గడియారాలను గడ్డి నింపిన పెట్టెల్లో వేసి, రైలు గోదాముల దగ్గర ఒక చెమ్మ గదిలో పడేశారు. ఆయనకు దిక్కులేనివాళ్లు ఉండే వసతిలో ఒక మంచం ఇచ్చారు. పెట్టెలు మోయడానికి నేనూ వెళ్లాను. ఆయన నా చేతిలోని పెట్టె లాక్కున్నాడు. "నిన్ను నమ్మి గోడ చూపించాను. నువ్వు నన్నే బయటికి నెట్టించావు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను రాయకపోతే ఆ గోడ ఏదో ఒకరోజు వీధిలోకి పడేది. రాసినందుకు ఆయన వీధిన పడ్డాడు. ఏది చేసి ఉండాల్సింది? నువ్వే చెప్పు.

ఇంటికి వచ్చేస్తాను అక్కా. సెలవు అడుగుతాను, ఇవ్వకపోతే పని మానేస్తాను. నీ గోడ నేనే కడతాను.

రఘు

&nbsp;

కట్టంగూర్
25 జనవరి 1965

తమ్ముడికి,

రాకు.

కోపంతో అనడం లేదు. నువ్వొచ్చి గోడ కడితే పది రోజుల్లో అది పడిపోతుంది. నీకు తాపీ పని రాదు. ఇక్కడి పని నేను చూసుకుంటున్నాను. ప్రస్తుతానికి చింతచెట్టు కిందే పొయ్యి పెట్టి చాయ కాస్తున్నాను.

నల్లగొండకు మూడుసార్లు పోయాను. మూడోసారి గుమస్తాను దాటి పెద్ద అధికారి గదిలోకే పోయాను. జవాను అడ్డం వచ్చాడు. పక్కకు జరగమని మర్యాదగా చెప్పాను, జరిగాడు. అధికారితో ఒక్కటే మాట అన్నాను. "సార్, నాకు రోడ్డు వద్దని కాదు. ఆ మలుపుల మనుషులు సచ్చిండ్రు, నేను కండ్లార చూసిన. మీరొక్కసారి వచ్చి నిలబడి చూడుండ్రి. నన్ను ఎక్కడికి జరుపుతరో చూపిచ్చి, అప్పుడు తవ్వుండ్రి."

 ఆ తర్వాతి మంగళవారం ఆయన జీపులో వచ్చాడు. నేనూ, ఆయనా, ఓవర్సీరూ రోడ్డు వెంబడి నడిచాం. పాత మలుపులో వాగు వైపు జాగా చూపించబోయారు. అక్కడ రోడ్డే ఉండనప్పుడు చాయ ఎవరు తాగుతారని అడిగాను. కొత్త రోడ్డు వాగు దాటి ఎక్కే చోట గుట్ట ఉంటుంది, నిండు బండి అక్కడ నెమ్మది కాక తప్పదు. ఆ గుట్ట ఎక్కాక ఎడమ చేతి వైపు సర్కారు జాగా ఉంది. అది కావాలన్నాను. పదకొండేళ్లు లారీల చప్పుడు విన్నదాన్ని, ఎక్కడ ఇంజను అలిసిపోతుందో నాకు తెలుసు. ఓవర్సీరు నవ్వాడు గాని పెద్దాయన నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు.

ఫైలు కదిలించడానికి మళ్లీ నీ సమ్మతి కావాలట. పటం గీయించి ఇందులో పెట్టాను. ఏ జాగా పోతుంది, ఏ జాగా వస్తుంది, రెండూ తెలుగులో రాయించాను. చదివి, అర్థమైతేనే సంతకం పెట్టు.

ముసలాయన గురించి అడిగావు. నువ్వు రాసింది తప్పు కాదు. గోడ పడి మనిషి పోతే నువ్వు నిద్రపోయేవాడివా? కాని రాసి ఊరుకుంటే సరిపోదు. పోయి క్షమించమని అడగకు. అడిగితే ఆయన నిన్ను ఓదార్చాలి, ఆ పని కూడా ఆయనకెందుకు? ఏమైనా పనుందా అని అడుగు. లేదంటే కూర్చో.

అక్క

&nbsp;

జర్మనీ
20 ఏప్రిల్ 1965

అక్కకు,

సంతకం పెట్టిన కాగితం విడిగా రిజిస్టరు పోస్టులో పంపాను. రెండుసార్లు చదివాను. పటం బాగుంది. ఓవర్సీరు గీసినదేనా? ఉత్తరం దిక్కు వేయడం మరిచిపోయాడు. సరే, చెప్పకూడదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫిబ్రవరి మొదటి ఆదివారం గోదాముకు పోయాను. ఆయన పెట్టెల మధ్య స్టూలు వేసుకొని ఇత్తడి చక్రాలకు పట్టిన చెమ్మ తుడుస్తున్నాడు. పనుందా అన్నాను. ఇంకొక గుడ్డ తీసుకొని తుడవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా ఒక్క మాట లేదు. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. చేతులు కొంకర్లు పోయే చలి. నాలుగో ఆదివారం, నేను తప్పుగా బిగించిన మరమేకును విప్పి, ఎలా బిగించాలో చూపించాడు. ఆ తర్వాత మాట్లాడాడు. "నువ్వు అబద్ధం రాయలేదు. కాని రాసే ముందు రాత్రి వచ్చి, రేపు ఇలా రాస్తున్నాను అని నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, నా చేతులతో నేనే సర్దుకొని, తాళం నేనే వేసి వచ్చేవాణ్ని" అన్నాడు.

నీకూ నేను అదే చేశాను. రెండుసార్లు.

ఇల్లు నిలిచింది. మూల గోడ కిందికి కొత్త పునాదులు దింపి, ఉక్కు కాళ్ల మీద ఆపి, వాటి మధ్యగా సొరంగాన్ని జానెడు జానెడు చొప్పున దాటించారు. మళ్లీ నన్ను కిందికి పంపారు. ఆ పని జరిగిన ఐదు వారాలూ రోజూ పని అయ్యాక వసతికి పోయి, ఈ రోజు ఎంత దాటింది, గోడ ఎంత కదిలింది అని కెస్లర్‌కు చెప్పి వచ్చేవాణ్ని. పెద్ద ఇంజినీరుకు తెలుసు, అడ్డు చెప్పలేదు. కదలని రోజు కూడా కదలలేదని చెప్పేవాణ్ని. ఆయన తలూపేవాడు. అక్టోబరులో కింది దుకాణంలోకి తిరిగి రానిస్తారట. పై అంతస్తుకు ఇంకో ఏడాది పడుతుంది. అంతకాలం ఉంటానో లేదో అన్నాడు. 

నా ఒప్పందం నవంబరుతో ముగుస్తుంది. పొడిగిస్తామన్నారు. వద్దన్నాను. లైను పూర్తి కావడానికి ఇంకా మూడేళ్లు. మొదటి బండి ఎక్కేవాళ్లలో నేను ఉండను. దానికి బాధ లేదు. డిసెంబరులో వస్తాను. ఈసారి అడుగుతున్నాను, రావచ్చా? నీ కోపం పోయిందా?

రఘు

&nbsp;

కట్టంగూర్
16 నవంబరు 1965

రఘూ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి చేతులు ఖాళీ లేవు. మధ్యలో నీవి రెండు ఉత్తరాలు వచ్చాయి, రెండింట్లోనూ అదే ప్రశ్న. అడిగిందే అడుగుతుంటే ఎంత విసుగో ఇప్పుడు నీకూ తెలిసి ఉంటుంది.

రోడ్డు అయింది. నల్లగా, చక్కగా, గీత గీసినట్టుంది. పాత హోటలు మీదుగానే పోయింది. పొయ్యి ఉన్న చోటు నాకు గుర్తుపట్టరాలేదు. వెతికాను కూడా. తారు కింద ఎక్కడో ఉంటుంది. భద్రమ్మ కాసేపు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

గుట్ట ఎక్కాక ఎడమ చేతి వైపు కొత్త హోటలు లేచింది. పెంకులన్నీ పనికొచ్చాయి, పగిలినవి నలభై దాటలేదు. బర్రెల కొట్టం ఇంకా వేయలేదు. జాగా పట్టా నా పేరు మీద రాయించుకున్నాను. నిన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదనిపించింది.

మొదటి రోజు పొద్దున నాలుగింటికే పొయ్యి అంటించి కూర్చున్నాం. కొత్త రోడ్డు కదా, బండ్లు నున్నగా జారిపోయాయి. ఒక్కటి ఆగలేదు. పదింటి దాకా లెక్కపెట్టి తర్వాత మానేశాను. గుట్ట దగ్గర ఇంజను అలిసిపోతుందని అధికారి ముందు అంత గొప్పగా చెప్పి వచ్చాను. భద్రమ్మ నా మొహం చూడకుండా గ్లాసులు కడిగిందే కడుగుతోంది. రుబ్బిన పిండి పులిసిపోతుందని దాని బాధ. నీ మీద, ఓవర్సీరు మీద, నా మీద కూడా ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పొద్దు వాలాక ఉప్పు బస్తాల లారీ ఒకటి గుట్ట సగంలో మూలిగి, పొగ కక్కి, పైకొచ్చి నిలబడింది. దిగింది జానయ్య. ఒక్క పలకరింపు లేదు. "మూడు దినాల సంది వెతుకుతున్నక్కా. వాగు కాడ లేవు, ఊళ్లె లేవు. ఎటు పోయినవో చెప్పి పోవద్దా?" అని నా మీదే ఎగిరాడు. ఏం చెప్పను? నేనూ ఎవరికీ చెప్పకుండానే జరిగాను. బల్ల వేసి కూర్చోమన్నాను. అతను పోతూ పోతూ దారిలో అందరికీ చెప్పినట్టున్నాడు. మర్నాటికి ఏడు బండ్లు ఆగాయి. ఇప్పుడు పొద్దున పూట నిలబడి తాగేవాళ్లున్నారు.

నీ ముసలాయన దుకాణంలోకి వచ్చాడా? వచ్చి ఉంటే నా మాటగా బాగున్నారా అని అడుగు. రాకపోతే, వచ్చేదాకా అక్కడే ఉండి ఆయన పెట్టెలు మోసిపెట్టి రా. ఇక్కడికి తొందరేమీ లేదు.

కోపం పోయిందా అని అడిగావు. పోలేదు. పోతుందో లేదో కూడా చెప్పలేను. కాని కోపం ఉన్న ఇంట్లో అన్నం వండరా? ఏ రోజు బస్సు దిగుతావో ముందుగా రాయి. ఆ పూటకు నీకు కూడా బియ్యం వేస్తాను.

అక్క
ప్రమీల